మన దస్తర్‌ఖాన్, మన రోగనిరోధక శక్తి

వానలు మొదలయ్యాయంటే మన ఇళ్లలో ఒకరి తరువాత ఒకరు మంచం పట్టడం మామూలే. ముందు బడికి వెళ్లే పిల్లవాడికి జలుబు, ఆ తరువాత వాడి చెల్లెలికి దగ్గు, చివరకు ఆ ఇద్దరికీ సేవలు చేసిన తల్లికి జ్వరం. పిల్లలు మూడు రోజుల్లో కోలుకొని మళ్లీ వీధిలోకి పరుగు తీస్తారు. తల్లి మాత్రం పది రోజులైనా నీరసంగానే తిరుగుతుంది. ఇంట్లోవారు ఒక టానిక్ సీసా తెచ్చి ఆమె చేతికిస్తారు. ఆ ఇంటి దస్తర్‌ఖాన్ మీద ఏమేమి వడ్డిస్తున్నారో, అందులో ఆమె వంతుకు ఏమి మిగులుతోందో ఎవరూ గమనించరు.

2020లో కరోనా విరుచుకుపడిన నాటి నుంచి ‘ఇమ్యూనిటీ’ అనే మాట మన వంటిళ్లలో స్థిరపడిపోయింది. ఆ రోజుల్లో మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క కలిపి కాచిన కషాయాన్ని పూటకో గ్లాసు తాగి కడుపులో మంట తెచ్చుకున్నవారిని మనం చూశాం. కషాయాల వెంట పొడులు, మాత్రలు, తైలాలు వచ్చాయి. వ్యాధి తగ్గింది గాని అవి మన అలమారాలు వదిలిపోలేదు. రోగనిరోధక శక్తిని పెంచుతామని వాటి డబ్బాల మీద రాసి ఉంటుంది. కాని ఈ శక్తి అదేపనిగా పెంచుకుంటూ పోవలసినది కాదు. అది హద్దు మీరితే శరీరం తన సొంత అవయవాల మీదే దాడికి దిగుతుంది. కొన్ని రకాల కీళ్లవాతం అలా వచ్చేదే. మనకు కావలసింది దాని సమతూకం.

అల్లాహ్ మన దేహంలో ఏర్పరచిన ఈ రక్షణ వ్యవస్థ ఒక్క చోట ఉండేది కాదు. చర్మం, ముక్కు, గొంతు, పేగుల లోపలి పొరలు దానికి కోటగోడల వంటివి. ఎముక మూలుగలో పుట్టే తెల్లకణాలు దాని సైనికులు. క్రిములను గుర్తించి పట్టుకునే యాంటీబాడీలు దాని ఆయుధాలు. ఆ యాంటీబాడీలన్నీ మాంసకృత్తులతో తయారయ్యేవే. కోటగోడలు చెక్కుచెదరకుండా ఉండటానికి ‘ఎ’ విటమిన్, రక్షక కణాలు వృద్ధి చెందడానికి ఇనుము, జింకు, వాటి పని సజావుగా సాగడానికి ‘సి’, ‘డి’ విటమిన్లు అవసరం. వీటిలో ‘డి’ విటమిన్ ప్రధానంగా ఎండ వల్ల లభిస్తుంది. మిగిలినవన్నీ మనం తినే తిండి నుంచి రావలసిందే. ఏడాది పొడవునా తెల్లన్నం, పలుచని చారుతో సరిపెట్టుకొని వారం రోజులు కషాయం తాగితే ఆ లోటు తీరదు.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా మానవులందరినీ సంబోధిస్తూ ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారం తినమని ఆదేశించింది. హలాల్, తయ్యిబ్ అనే రెండు మాటలు అక్కడ జంటగా వచ్చాయి. మొదటి మాట విషయంలో మనం ఎంతో జాగ్రత్తపరులం. మాంసం కొనేటప్పుడు జబీహా సక్రమంగా జరిగిందా అని అడుగుతాం. బిస్కెట్ పొట్లాన్ని తిప్పి తిప్పి చూస్తాం. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు సడలిపోతుంది. నాలుగుసార్లు కాగిన నూనెలో వేగిన సమోసాలోని ఖీమా హలాలే కావచ్చు. ఆ సమోసాను తయ్యిబ్ అనగలమా? ఫత్వా ఇవ్వడం మన పని కాదు గాని, దాన్ని పిల్లల చేతిలో పెట్టేముందు ఈ ప్రశ్న వేసుకోవడం మన పనే.

మన పాత వంటలను గుర్తు చేసుకుంటే ఈ విషయంలో మనకు కొత్త పాఠాలు అంతగా అక్కర లేదనిపిస్తుంది. అంబాడా గోష్ట్ అన్నా గోంగూర మాంసం అన్నా అందులో సగం ఆకే. చింతచిగురు వచ్చే కాలంలో చిగుర్ గోష్ట్, చలికాలంలో మెంతికూర ఖీమా, అన్ని కాలాల్లోనూ పాలక్ గోష్ట్. దాల్చాలో శనగపప్పు, సొరకాయ ముక్కలు, వాటి మధ్య నాలుగు ఎముకలు. అర కిలో మాంసంతో పదిమందికి వడ్డించవలసి వచ్చిన నానీలు, దాదీలు పేదరికం వల్ల కనిపెట్టిన ఉపాయమిది. అయితే ఈ కలయికలో పెద్ద ప్రయోజనం దాగి ఉంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును శరీరం తేలికగా గ్రహించలేదు. పక్కన కొంచెం మాంసమో, చేపో, పుల్లని పండో ఉంటే ఎక్కువగా గ్రహిస్తుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మనం ఆ వంటల్లోంచి ఆకును, పప్పును తీసేసి మాంసాన్ని మాత్రం మిగుల్చుకున్నాం. ఇప్పుడు దావత్‌లలో బిర్యానీ, వేయించిన కోడి, ఖుబానీ మీఠా ఉంటాయి. ఆకుపచ్చ రంగు కనబడేది పుదీనా రెమ్మలో మాత్రమే.

హలీమ్ సంగతి వేరు. గోధుమ, పప్పులు, మాంసం కలిసి గంటల తరబడి ఉడికే ఈ వంటకం గొప్ప పోషకాహారం. గోధుమలో కొరవడిన మాంసకృత్తుల అంశాన్ని పప్పు భర్తీ చేస్తుంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌కు మనం పెట్టదగిన వంక ఒక్కటే: పైన తేలే నెయ్యి. ఇంట్లో వండుకుంటే అది మన చేతిలోనే ఉంటుంది.

మనకు పొరుగునే, హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధనే పెరిగి పెద్దదై ఈ సంస్థగా మారింది. బియ్యాన్ని మరీ తెల్లగా పాలిష్ పట్టించి తినేవారికి బి1 విటమిన్ కొరత వల్ల వచ్చే జబ్బు బెరిబెరి. ఆ జబ్బు నేడు అరుదు. తెల్లబియ్యం మీద మన మోజు మాత్రం తగ్గలేదు. దాన్ని పూర్తిగా మానుకోమనడం వృథా. పళ్లెంలో అన్నం కొంత తగ్గించి, ఆ ఖాళీలో కూర, పప్పు పెట్టుకోవడం సాధ్యమే. పెద్దవారు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లలో ఒక మనిషి తినే కూరగాయలు తూచి చూస్తే అందులో సగమైనా ఉంటాయా అన్నది అనుమానమే.

పండ్లంటే ఖరీదైనవే కానక్కర లేదు. ఒక మోస్తరు జామకాయ పెద్ద మనిషికి ఒక రోజుకు కావలసిన ‘సి’ విటమిన్ కంటే ఎక్కువే ఇస్తుంది. నారింజకు అంత శక్తి లేదు. బొప్పాయి, మునగాకు ‘ఎ’ విటమిన్‌కు నెలవులు. వాటితో పాటు కాస్త నూనె గాని నెయ్యి గాని ఉంటేనే అది ఒంటికి పడుతుంది. గుడ్డు, పల్లీలు, పెరుగు, రాగిజావ వంటివాటి గురించి పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. నిమ్మరసాన్ని ఖట్టీ దాల్‌లో మరిగించకుండా, పళ్లెంలో వడ్డించాక పిండుకుంటే అందులోని ‘సి’ విటమిన్ నశించకుండా ఉంటుంది.

చాయ్ విషయం ఒక్కటి చెప్పక తప్పదు. భోజనం ముగియగానే చాయ్ తాగడం మనలో చాలామందికి విడవలేని అలవాటు. తేయాకులోని వగరు పదార్థాలు పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టి ఉంచి, ఒంట పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న స్త్రీ మధ్యాహ్నం పాలకూర పప్పు తిని వెంటనే చాయ్ తాగితే ఆ పాలకూర ఫలితం చాలావరకు పోయినట్లే. చాయ్ మానమని అంటే ఈ వ్యాసాన్ని ఇక్కడే మూసేస్తారని మనకు తెలుసు. భోజనానికీ చాయ్‌కీ మధ్య ఒక గంట ఎడం ఉంచితే చాలు.

ఇక కలౌంజి, తేనె, ఖర్జూరం. ఇవి మనకు కేవలం ఆహార పదార్థాలు కావు. మన ప్రేమ, విశ్వాసం వాటితో ముడిపడి ఉన్నాయి. తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని నహ్ల్ సూరా తెలుపుతోంది. కలౌంజి గుణాన్ని దైవప్రవక్త (సఅసం) ఎంతగానో ప్రశంసించారు. రోగికీ, దుఃఖంలో ఉన్నవారికీ బార్లీ పిండితో చేసిన తల్బీనా ఇవ్వమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పేవారు. వీటిని మన వంటింట్లో ఉంచుకోవడం శుభకరమే. అయితే ఆ ప్రవక్తే (సఅసం) చికిత్స చేయించుకోమని కూడా బోధించారు. కలౌంజి నూనె మొదలుపెట్టి ఇన్సులిన్ మానేసినవారు, తేనె సున్నత్ కదా అని మధుమేహంలోనూ చెంచాల కొద్దీ తాగేవారు మన మధ్య ఉన్నారు. ప్రవచనం మీద గౌరవంతోనే వారలా చేస్తారు. కాని ప్రవచనంలో సగాన్ని పట్టుకొని మిగతా సగాన్ని వదిలేయడం దాన్ని గౌరవించడం అవుతుందా? ఎనిమిదో హిజ్రీ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ ప్రవక్త వైద్యం గురించి రాస్తూ రోగి తత్వాన్ని, వయసును, ప్రాంతాన్ని, అలవాటును చూసి మందు నిర్ణయించాలని వివరించారు.

తేనె గురించి తల్లులకు ఒక హెచ్చరిక. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించకూడదు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసివారి పేగుల్లో మొలిచి విషాన్ని పుట్టిస్తాయి. దానివల్ల కండరాలు చచ్చుబడి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. కొన్ని ఇళ్లలో తహ్నీక్ పేరుతో అప్పుడే పుట్టిన బిడ్డ నోట తేనె పెడుతున్నారు. హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధమైన తహ్నీక్ ఖర్జూరంతో జరిగింది. ఆ సున్నత్ పాటించదలచినవారు ముందుగా బిడ్డ డాక్టరును అడిగి, ఆయన చెప్పినట్లు చేయడం మేలు. నవజాత శిశువుకు అల్లాహ్ సిద్ధం చేసిన తొలి రోగనిరోధక ఆహారం తల్లి ముర్రుపాలు. పచ్చగా, చిక్కగా ఉన్నాయని వాటిని పిండి పారబోసే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ఆ కొద్దిపాటి పాలల్లోనే తల్లి దేహం తయారు చేసిన యాంటీబాడీలు నిండుగా ఉంటాయి. పుట్టిన గంటలోపు అవి బిడ్డకు అందాలి. ఆపైన ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే. పూర్తి కాలం పాలివ్వదలచిన తల్లులకు ఖుర్ఆన్ రెండు సంవత్సరాల గడువు పేర్కొన్నది.

ఆ పాలిచ్చే తల్లి ఏం తింటోంది? మనం మొదట చెప్పుకొన్న జ్వరం దగ్గరికి మళ్లీ వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే పది మందిలో సుమారు ఆరుగురు. ఇనుము కొరవడిన దేహంలో రక్షక కణాలు కూడా బలహీనపడతాయి. ఇది ఒక మతానికి, ఒక వర్గానికి పరిమితమైన అంకె కాదు. మన ఇళ్లు అందుకు మినహాయింపు అనుకోవడానికి మాత్రం కారణమేమీ కనబడదు.

మన దస్తర్‌ఖాన్ క్రమం చూడండి. ముందు మగవారు, అతిథులు. తరువాత పిల్లలు, వారిలోనూ గుడ్డు ముందుగా కొడుకు పళ్లెంలోకి వెళ్తుంది. అందరూ లేచాక ఇంటి కోడలు, ఆమెతోపాటు ఎదిగిన కూతురు కూర్చుంటారు. అప్పటికి గిన్నెలో ముక్కలు ఉండవు, పులుసు ఉంటుంది. నెలనెలా రక్తం కోల్పోయేది, కడుపులో బిడ్డను మోసేది, పాలిచ్చేది ఎవరో వారికే ఇనుము, మాంసకృత్తులు అందరికంటే తక్కువగా దక్కుతున్నాయి. దానికి తోడు ఎండ పడని ఇరుకు గదుల్లో రోజంతా గడపడం. ఇంటి మేడ మీదనో, పెరటిలోనో పర్దాకు భంగం లేకుండా కాసేపు ఎండలో కూర్చునే వీలు వారికి కల్పించాలన్న ఆలోచన చాలా ఇళ్లలో రాదు.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంటికి ఒక పేద స్త్రీ ఇద్దరు కూతుళ్లతో వచ్చిన సంఘటన మనలో చాలామంది విన్నదే. ఆ సమయంలో ఆయిషా (రజి) వద్ద ఒక్క ఖర్జూరమే ఉంది. దాన్ని అందుకున్న తల్లి రెండు ముక్కలు చేసి చెరొకటి కూతుళ్లకు ఇచ్చింది, తాను తినలేదు. ఈ సంగతి విన్న ప్రవక్త (సఅసం), కూతుళ్లను ఆదరించినవారికి ఆ కూతుళ్లే నరకాగ్ని నుంచి అడ్డుగోడ అవుతారని తెలియజేశారు. ఆ తల్లి త్యాగాన్ని మనం కన్నీళ్లతో వింటాం. కాని ఆమె వద్ద ఉన్నది ఒకే ఖర్జూరం. మన ఇంట్లో కిలో మాంసం వండిన రోజున కూడా తల్లి పులుసుతో లేవవలసి వస్తే దాన్ని త్యాగం అనవచ్చా? భార్య నోటికి భర్త అందించే ముద్ద కూడా పుణ్యకార్యమేనని ప్రవక్త (సఅసం) సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు బోధించారు. కనీసం ఆమె పళ్లెం కోసం రెండు ముక్కలు, ఒక గుడ్డు ముందే తీసి పక్కన పెట్టడానికి మనకు పెద్ద ఖర్చేమీ కాదు. అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటే ఆ లెక్క కూడా అక్కర లేదు.

కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మిగిలినది శ్వాసకు అన్న ప్రవక్త బోధను మనం ప్రసంగాల్లో తరచుగా వింటాం. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ దాన్ని మరచిపోతాం. ఖర్జూరం, నీళ్లతో రోజా విరమించడం వరకు బాగానే ఉంటుంది. ఆ వెనువెంటనే మిర్చి బజ్జీలు, పకోడీలు, చక్కెర పాకంతో చేసిన ఎర్రని షర్బత్ వస్తాయి. సహరీలో ఖిచిడీ, ఖీమా, ఖట్టా తినే హైదరాబాదీ అలవాటే దీనికంటే ఎంతో మెరుగైనది. పప్పు కలిసిన ఖిచిడీ నిదానంగా జీర్ణమై మధ్యాహ్నం దాకా నిలుస్తుంది.

రంజాన్‌లో మన మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు పేదల ఇళ్లకు పంచే రేషన్ కిట్లలో సాధారణంగా బియ్యం, మైదా, చక్కెర, సేమియా, నూనె, ఖర్జూరాలు ఉంటాయి. ఇచ్చేవారి మంచి మనసును అల్లాహ్ స్వీకరించుగాక. ఈసారి చందా ఇచ్చేటప్పుడు కమిటీ పెద్దలతో ఒక మాట అందాం: మైదా తీసేసి గోధుమపిండి పెట్టమని, చక్కెర సగం తగ్గించి ఆ డబ్బుతో రెండు కిలోల కందిపప్పు, ఒక కిలో పల్లీలు చేర్చమని, వీలైతే వీధి చివరి దుకాణంలో ముప్పై గుడ్లు తీసుకునే చీటీ ఒకటి జతచేయమని. ఆ చీటీని ఆ ఇంటి తల్లి పేరు మీద రాయమని కూడా.