పాత చేపల తొట్టి కొనే ముందు

పిల్లలున్న ఇండ్లలో చేపల తొట్టి పెట్టుకోవాలనే ముచ్చట సహజమే. క్రొత్తది కొనే స్తోమత లేని కుటుంబాలు, బదిలీ మీద ఊరు విడిచి వెళ్లేవారు అమ్మజూపే పాత తొట్టి వైపు చూస్తారు. ఇందులో తప్పేమీ లేదు. శ్రద్ధగా చేసిన గాజు తొట్టి చాలా ఏండ్లు పనిచేస్తుంది. అయితే దానిని చిన్న సామానుగా ఎంచకూడదు. ముందుగా దాని బరువు ఎంతో లెక్క వేద్దాము.

3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో 4.5 ఘనపుటడుగుల నీరు పడుతుంది. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైమాటే గనుక మొత్తం దాదాపు 127 లీటర్లు, అనగా 127 కిలోలు. అద్దాలు, గులకరాళ్లు కలిపితే 75 కిలోల ధాన్యపు బస్తాలు రెండింటి బరువుకు తగ్గదు. ఇంత బరువును ఆపేది ఐదు అద్దపు పలకలు, వాటిని పట్టి ఉంచిన సన్నని సిలికాన్ అతుకు మాత్రమే. అది రాత్రివేళ విడిపోతే ఇల్లంతా నీరు. కరెంటు తీగలు తడిసే ప్రమాదము, ప్రక్కన పడుకున్న పసిబిడ్డలకు గాజు పెంకుల భయము కూడా ఉన్నవి. కాబట్టి చవకగా వస్తున్నదని తొందరపడవద్దు.

అద్దమును చూడండి

పగటి వెలుతురులో తొట్టిని నాలుగు వైపుల నుండి పరిశీలించండి. పైపై గీతలు చూపుకు బాగుండవు గాని అపాయము కాదు. గోరు తట్టుకొనే పగులు ఉన్నా, మూలలు లోతుగా చెక్కుపోయినా ఆ తొట్టిని విడిచిపెట్టండి. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే అడుగున ఒత్తిడి కూడా రెట్టింపు. అందుచేత అడుగున్నర ఎత్తు దాటిన తొట్టికి 6 మిల్లీమీటర్ల అద్దము చాలదు. పై అంచున అడ్డముగా అతికిన గాజు పట్టీ ఊడిపోయి ఉంటే, "అది అలంకారానికే" అని అమ్మేవారు చెప్పినా నమ్మవద్దు. ముందు వెనుక అద్దాలు బయటికి ఉబ్బకుండా పట్టి ఉంచేది అదే.

అతుకును తాకి చూడండి

మంచి సిలికాన్ వ్రేలితో నొక్కితే రబ్బరువలె మెత్తగా లొంగుతుంది. అది బిరుసెక్కినా, అంచులు లేచినా, రెండు అద్దాల మధ్య పచ్చని పాచి చొరబడినా అతుకు పట్టు తప్పుచున్నదని గ్రహించాలి. పాత సిలికాన్ మీద క్రొత్తది పూసి ఉంటే ఇంకా అనుమానించండి, ఎందుకంటే క్రొత్తది పాతదానికి గట్టిగా అంటుకోదు. స్నానాల గదులకు వాడే సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. అది చేపలకు హానికరము. ఏది వాడారో అడిగి తెలుసుకోండి.

తొట్టిలో ఇంతకుముందు ఏమి ఉంచారో కూడా అడగండి. పురుగుమందు గాని ఎరువు గాని నిల్వ చేసిన తొట్టిని, ఎంత కడిగి ఇచ్చినా తీసుకోవద్దు.

నీరు పోసి పరీక్షించండి

కంటి చూపు కంటే నీటి పరీక్షే నమ్మదగినది. అమ్మేవారి వాకిట్లోనే, సమమైన నేల మీద ధర్మాకోల్ షీటు వేసి, దానిపై తొట్టి నిలిపి, చుట్టూ పాత వార్తాపత్రికలు పరచండి. మొదట పావు వంతు, గంట తరువాత సగము, ఆ తరువాత నిండుగా నీరు పోయండి. నీటి మట్టము వద్ద గుర్తు పెట్టి, ఒక రాత్రి, ఒక పగలు అలాగే ఉంచమనండి. బోరు నీరు చల్లగా ఉంటే అద్దము బయట చెమర్చవచ్చు. పొడిగుడ్డతో తుడిచి, కొంతసేపటికి మరల చూడండి. తడి ఒకేచోట తిరిగి కనబడితే అది కారుటయే. నిండిన తరువాత ముందు అద్దానికి తిన్నని బద్ద ఆనించండి. నడుము భాగము స్పష్టముగా ఉబ్బి ఉంటే కొనవద్దు. పరీక్షకు ఒప్పుకోని వారి వద్ద బేరమే వద్దు.

ఇంటికి తెచ్చిన తరువాత

నీరు ఉండగా తొట్టిని ఎన్నడూ ఎత్తకూడదు. ఖాళీ చేసి, అడుగు భాగము పట్టుకొని ఎత్తవలెను. ఉప్పు నీటితో గాని వెనిగర్‌తో గాని రుద్ది, మంచి నీటితో పలుమార్లు కడగండి. సబ్బు, బట్టల పొడి తగలనివ్వకండి. స్టాండు కదలకుండా, ఎగుడు దిగుడు లేకుండా ఉండాలి. ఇనుప స్టాండు కాళ్ల అడుగున తుప్పు చూడండి.

తొట్టితో పాటు ఇచ్చే పాత పంపు, హీటరు తీగలు చీలి ఉంటే వాడవద్దు. ఎయిర్ పంపును నీటి మట్టము కంటే పైన పెట్టండి, లేనిచో కరెంటు పోయినప్పుడు గొట్టము గుండా నీరు వెనుకకు వచ్చును. తీగ ప్లగ్గు కంటే క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు అమర్చితే నీటిబొట్లు ప్లగ్గులోనికి చేరవు. తొట్టిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయుట ఇంటిల్లిపాదికీ నేర్పండి.

చివరగా, మరమ్మతు ఖర్చును పాత ధరకు కలిపి, క్రొత్త తొట్టి ధరతో సరిచూడండి. తేడా స్వల్పమైతే కొంతకాలము ఆగి క్రొత్తదే కొనుట మేలు. ఈలోగా పిల్లలు చిన్నబుచ్చుకుంటే, చేపలకు ముందు చేపల ఇల్లు గట్టిగా ఉండాలని వారికి చెప్పండి. వారు అర్థము చేసుకొంటారు.