నాటు గులాబీ ఐస్‌క్రీమ్ సుగర్ ఉన్నవాళ్ళకి పెట్టొచ్చా?

కింద వీడియోలో మా గట్టు మీద పూసే నాటు గులాబీలతో ఐస్‌క్రీమ్ చేసి చూపించాను. అందులో చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి సంతకి పట్టుకెళ్ళినప్పుడు అట్టముక్క మీద "ఆరోగ్యకరమైన గులాబీ ఐస్‌క్రీమ్" అని రాసిపెట్టాను. ఎప్పుడూ మా దగ్గరే కూరగాయలు కొనే ఒకావిడ అది చూసి, "మా ఆయనకి సుగర్ ఉందన్నా, మీది నేచురల్ కదా, పెట్టొచ్చా?" అనడిగింది. "పెట్టమ్మా, మందు కొట్టని పూలు" అనేశాను. రెండు కప్పులు తీసుకెళ్ళింది. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు, కాగితం తీసి లెక్క వేశాను.

లీటరు గేదె పాలు సగానికి మరిగిస్తాను. 100 గ్రాముల చక్కెర, 20 గ్రాముల రేకలు వేస్తాను. మొత్తం సుమారు 600 గ్రాములు వస్తుంది. అంటే 100 గ్రాముల కప్పులో రేకలు 3 గ్రాములే, అందులోనూ ముప్పావు వంతు పైగా నీళ్ళే. గులాబీలో విటమిన్లు ఉన్నాయి నిజమే, కానీ ఆ కొంచెంలో ఒంటికి పట్టేది ఏముంటుంది? వాసన, రంగు, అంతే. బలం ఉన్నదల్లా పాలది: కప్పుకి 6 గ్రాములకి పైగా మాంసకృత్తులు, మంచి కాల్షియం, 11 గ్రాముల దాకా కొవ్వు. కలిపిన చక్కెర 16 గ్రాముల పైమాటే, అంటే నాలుగు చెంచాలు. పాలలో సహజంగా ఉండే చక్కెర ఇంకో 8 గ్రాములు.

చక్కెర సగానికి తగ్గించి చూశాను. ఐస్‌క్రీమ్ రాయిలా గడ్డకట్టింది. చక్కెర తీపి కోసమే కాదు, నీళ్ళు గట్టిగా గడ్డకట్టకుండా ఆపేది కూడా అదే. పైగా చల్లగా ఉంటే నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది, అందుకే ఎక్కువ వేస్తాం. బెల్లం వేసినా రక్తంలో సుగర్ పెరిగేది పెరుగుతుంది. గుల్కంద్ వేస్తే తేలిక అనుకుంటారు కొందరు. రేకలతో సమానంగానో రెట్టింపుగానో చక్కెర పోసి ఎండలో పెట్టేదే కదా గుల్కంద్!

మరి మనం చేసిన దాంట్లో మేలేమీ లేదా అంటే, ఉంది. మార్కెట్‌లో దండల కోసం అమ్మే గులాబీ తినడానికి పెంచింది కాదు. తామర పురుగుకీ బూడిద తెగులుకీ కొట్టిన మందు రేకల మీదే ఉండొచ్చు, కడిగితే అంతా పోదు. ఆ పూలు ఐస్‌క్రీమ్‌లో వేయకండి. మన నీమాస్త్రం కూడా పూలు కోసే వారం ముందే ఆపాలి. ఒకసారి నేను మర్చిపోతే పాలన్నీ చేదెక్కి పారబోశాను. పువ్వు కదా అని గన్నేరు లాంటివి ముట్టుకోవద్దు, అది విషం.

ఇంకో సంగతి. మన దేశ నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. వనస్పతి కొవ్వుతో చేసింది "ఫ్రోజెన్ డెజర్ట్" అవుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. గులాబీ రంగు చాలా వాటిలో పువ్వుది కాదు, కలిపిన రంగు. మా దాంట్లో రంగు వెలిసినట్టుంటుంది, పిల్లలు మొదట ముఖం చిట్లించారు.

మా ఇంట్లో పిల్లలకి వారానికి ఒక కప్పు ఇస్తాం. పాలు అరగనివాళ్ళకి ఇది పడదు, కడుపు ఉబ్బుతుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేసి, "మీ ఆయనకి పెట్టకమ్మా, నేను తప్పు చెప్పాను" అన్నాను. "రాత్రే ఒకటి తినేశాడన్నా, రెండోది పిల్లకి ఇస్తాలే" అంది. తర్వాతి సంతకి అట్టముక్క మార్చాను: "మందు కొట్టని పూలు, గేదె పాలు. కప్పుకి నాలుగు చెంచాల చక్కెర ఉంది." ఆ రోజు నాలుగు కప్పులు మిగిలాయి.