వదులుగా అల్లి, వేడినీళ్ళలో బిగించి

ట్యునీషియా రాజధాని ట్యూనిస్ పాతబస్తీలో టోపీలవాళ్ళ బజారు ఒకటుంది. అక్కడ దొరికే ఎర్ర టోపీని షెషియా అంటారు. పట్టుకుంటే దళసరి బట్టను అచ్చులో నొక్కి చేసినట్టుంటుంది. ఎక్కడా అతుకు కనబడదు, అల్లిక జాడ కనబడదు. కాని అది ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని సూదులతో అల్లిన టోపీయే. అల్లిన రోజున తెల్లగా, వదులుగా, ఏ తలకూ పట్టనంత పెద్దదిగా ఉంటుంది. దాన్ని వేడినీళ్ళలో సబ్బుతో మర్దించి దాదాపు సగానికి కుదిస్తారు. ఎండిన ముళ్ళకాయలతో గీరి నూగు లేపుతారు. రంగు వేసి, అచ్చుకు తొడిగి ఆరబెడతారు. ఇదంతా ఒకేచోట జరిగేది కాదు. అల్లిక అరియానాలో, మర్దన మెజెర్దా నది ఒడ్డున ఎల్ బత్తాన్‌లో, రంగు జగ్వాన్‌లో. ఊళ్ళన్నీ తిరిగి టోపీ చివరికి ట్యూనిస్ చేరేది. 1609 నుంచి స్పెయిన్ వెళ్ళగొట్టిన ముస్లిం సంతతివాళ్ళు, అంటే మోరిస్కోలు, అక్కడ స్థిరపడ్డాక ఈ వ్యాపారం బాగా పెరిగింది.

ఆ టోపీతో మనకూ కొంత చుట్టరికం ఉంది. ఒట్టోమన్ సుల్తాను రెండో మహమూద్ 1829లో తన ఉద్యోగుల చేత తలపాగా మాన్పించి ఫెజ్ టోపీ పెట్టించాడు. అంతకుముందు సైన్యానికి కావలసిన టోపీలను ట్యూనిస్ నుంచి తెప్పించారు. హైదరాబాదులో షేర్వానీ మీదికి పెట్టుకున్న రూమీ టోపీ ఆ వంశంలోదే. ఏడో నిజాం ఫొటోలు చూసినవాళ్ళకు దాని రూపు తెలుసు.

అల్లినదాన్ని ఇలా కుదించి దళసరి చేయడాన్ని ఇప్పుడు అల్లికలవాళ్ళు ఫెల్టింగ్ అంటున్నారు. చలిదేశాల్లో ఉంటున్న మనవాళ్ళలో అల్లిక సూదులు పట్టినవాళ్ళకు, కొత్తగా పట్టబోయేవాళ్ళకు మరీ ముఖ్యంగా, ఇది నేర్చుకోమని గట్టిగా చెబుతాను. కొత్తవాళ్ళ అల్లిక ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా వస్తుంది. ఫెల్టింగ్‌లో ఆ హెచ్చుతగ్గులు చాలావరకు కలిసిపోతాయి. అందుకే మొదటి టోపీ కూడా పదిమందిలో పెట్టుకునేలా తయారవుతుంది.

ఇది జరిగే తీరు తెలిస్తే పని సగం వచ్చినట్టే. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వాటి మొనలన్నీ కొసవైపే చూస్తాయి. అందువల్ల వెంట్రుక మొదలువైపుకు సులువుగా జారుతుంది, వెనక్కి మాత్రం రాలేదు. వేడినీటికి వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది, సబ్బు జారుడునిస్తుంది, రాపిడి దాన్ని ముందుకు నెడుతుంది. ఇలా లక్షల వెంట్రుకలు ఒకదానిలోకొకటి దూరి బిగుసుకుంటాయి. ఒకసారి బిగుసుకున్నాక విప్పడం ఎవరి తరమూ కాదు. కత్తెరతో కోసినా పోగు ఊడదు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో చేసే గొంగడి దారి వేరు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేస్తారు, దాని గట్టిదనం నేతలోనే ఉంది.

ఊలు కొనేటప్పుడు జాగ్రత్త పడాలి. చీటీ మీద నూరు శాతం ఉన్ని అని ఉండాలి, సూపర్‌వాష్ అని ఉండకూడదు. సూపర్‌వాష్ ఊలుకు క్లోరిన్‌తో పొలుసుల అంచులు అరగదీసి, పైన పల్చటి రెజిన్ పూత వేస్తారు. దాన్ని ఎంత ఉడికించినా కుదించుకోదు. యాక్రిలిక్, నూలు దారాల సంగతీ అంతే. బాగా తెల్లగా బ్లీచ్ చేసిన ఊలు కూడా ఒక్కోసారి మొండికేస్తుంది.

మామూలుగా 5 మిల్లీమీటర్ల సూదితో అల్లే ఊలును ఇక్కడ 8 మిల్లీమీటర్ల సూదితో అల్లాలి. అల్లిక జల్లెడలా కనిపించినా కంగారు పడవద్దు, వెంట్రుకలు కదలడానికి ఆ ఖాళీ కావాలి. అయితే టోపీ మొదలుపెట్టే ముందు అదే ఊలుతో, అదే సూదితో ఓ చదరపు ముక్క అల్లి, కొలిచి, కుదించి, మళ్ళీ కొలవండి. అడ్డంలో కంటే నిలువులో ఎక్కువ తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల నిలువు 14కి దిగిందనుకోండి, 21 సెంటీమీటర్ల ఎత్తు టోపీకి 30 అల్లాలి. పుస్తకంలో అచ్చయిన కొలతల కంటే ఈ ముక్క చెప్పే లెక్కనే నమ్మాలి. ఊలు మారితే, రంగు మారినా సరే, లెక్క మారుతుంది.

అల్లినదాన్ని జిప్పున్న దిండు గలీబులో పెట్టి, రెండు పాత జీన్స్‌తో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయండి. నీళ్ళు 60 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిగా ఉండాలి, సబ్బు కొంచెం చాలు. గలీబు లేకపోతే ఊడిన నూగు మెషీన్ గొట్టానికి అడ్డుపడుతుంది. పైనుంచి మూత తీసే మెషీన్ అయితే ఐదేసి నిమిషాలకోసారి తీసి చూడవచ్చు. మధ్యలో తలుపు తెరుచుకోని మెషీన్‌ను ఈ పనికి నేను ఒప్పుకోను, చెయ్యే నయం. రబ్బరు తొడుగులు వేసుకుని, బేసిన్‌లో వేడినీళ్ళు పోసి, అన్ని వైపులా రుద్దాలి. చేతులు నొప్పెడతాయి గాని కొలత మన అదుపులో ఉంటుంది. జేబు నోరు, బొత్తాం కన్నం లాంటివి సాగిపోకుండా ముందే నూలుదారంతో వదులుగా చుట్టు కుట్లు వేసి, ఆ తర్వాత లాగేయాలి.

అల్లిక కనబడడం మానేసి, కావలసిన కొలత రాగానే ఆపేయండి. చల్లటి నీళ్ళలో జాడించి, తువ్వాలులో చుట్టి నీరు వత్తేయండి. మెషీన్‌లో ఎక్కువసేపు పిండితే పడిన మడతలు అలాగే ఉండిపోతాయి. తడిగా ఉన్నప్పుడే టోపీని తలంత గిన్నెకు బోర్లించి సాగదీయాలి. సంచీ అయితే లోపల పాలిథిన్ చుట్టిన డబ్బా పెట్టాలి. పూర్తిగా ఆరడానికి రెండు రోజులైనా పట్టవచ్చు.

అమ్మానాన్నలు చలికాలంలో మన దగ్గరికి వస్తుంటే వాళ్ళకు ఇంట్లో తొడుక్కునే ఊలు చెప్పులు చేసి పెట్టండి. పాదం కొలత ముందే తెప్పించుకోండి. తడి చెప్పును వాళ్ళ అంత పాదమున్న ఎవరి కాలికైనా ప్లాస్టిక్ సంచీ చుట్టి తొడిగి, చేత్తో ఒత్తి ఆకారం తేవచ్చు. చెక్కనేల మీద ఈ ఊలు జారుతుంది కాబట్టి, అడుగున గరుకు తోలు ముక్క కుట్టాకే వాళ్ళ చేతికివ్వాలి.