కార్బెట్ చేతిలో రిగ్బీ

పాత వేట తుపాకీకి విలువ కట్టాలంటే ముందు దాని బోల్టు చూడాలి, తర్వాత చెక్క చూడాలి. ఆ తర్వాత దాని కథ వినాలి. కొన్నిసార్లు ఆ కథే ఉక్కుకంటే ఖరీదు!

ఓ ఉక్కు గొట్టం, కాస్త వాల్‌నట్ చెక్క, చిన్న వెండి పలక. విడివిడిగా చూస్తే వీటి ఖరీదెంత? పెద్దగా ఉండదు. కానీ ఆ వెండి పలక మీద ఓ పేరు చెక్కి ఉంది... జె.జి.కార్బెట్. నరభక్షక పులుల వేటగాడిగా, రచయితగా ప్రపంచానికి తెలిసిన జిమ్ కార్బెట్టే ఆయన. 1907లో కుమావూ కొండల్లోని చంపావత్‌లో ఆయన ఓ ఆడపులిని చంపారు. నేపాల్లోనూ కుమావూలోనూ కలిపి అది 436 మందిని పొట్టన పెట్టుకుందని కార్బెట్ రాశారు. ఆ సాహసానికి మెచ్చి, అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జె.పి.హెవెట్ ఆయనకో రైఫిల్ బహూకరించారు. అదే లండన్‌లోని జాన్ రిగ్బీ సంస్థ తయారుచేసిన .275 బోల్ట్ యాక్షన్ రైఫిల్.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. చంపావత్ పులిని చంపింది ఈ రైఫిల్ కాదు. ఇది ఆ తర్వాత వచ్చిన బహుమతి. ఆ రోజు కార్బెట్ దగ్గరున్న తూటాలు అయిపోతే, చివరి గుండు పక్కనున్న తహసీల్దారు తుపాకీ తీసుకుని పేల్చారు. 1926లో 125 మందిని బలిగొన్న రుద్రప్రయాగ చిరుతను కూల్చింది మాత్రం ఈ .275 రైఫిలే. పాత తుపాకీ విలువ తేల్చేటప్పుడు ఇలాంటి తేడాలే కీలకం. విన్న కథ వేరు, కాగితం మీద నిలబడే కథ వేరు.

గొళ్లెం లాంటి బోల్టు
బోల్ట్ యాక్షన్ అంటే మరేం లేదు. మన తలుపు గడియ గుర్తు తెచ్చుకోండి. పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ తూటా గొట్టం బయటికి ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికెళ్తుంది. పిడి కిందికి దించితే గట్టిగా బిగుసుకుంటుంది. ఈ పద్ధతికి తిరుగులేని రూపం ఇచ్చింది జర్మనీకి చెందిన పాల్ మౌజర్. 1898 నాటి ఆయన నమూనాలో తూటా పేలుడును తట్టుకోవడానికి బోల్టు ముందు భాగంలో రెండు పళ్లుంటాయి. అవి విఫలమైతే కాపాడేందుకు వెనక మూడోది. ఇక పక్కనే ఉండే పొడవాటి ఉక్కు కొక్కెం... తూటా అరలోంచి బయటికి రాగానే దాని అంచు పట్టేసుకుంటుంది. ఖాళీ గొట్టాన్ని బయటికి లాగేదాకా వదలదు. ఎదురుగా పులి ఉన్నప్పుడు తూటా ఇరుక్కుపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా!

సైనికుల కోసం పుట్టిన ఈ యంత్రం వేటగాళ్లకూ తెగ నచ్చింది. అంతకుముందు పెద్ద వేటకు రెండు గొట్టాల రైఫిళ్లు వాడేవారు. రెండు గొట్టాలూ ఒకేచోట కొట్టేలా చేత్తో సరిచేయాలి కాబట్టి వాటి ధర రాజులకూ జమీందార్లకే అందుబాటులో ఉండేది. మౌజర్ తరహా రైఫిల్ తక్కువ ధరకే వచ్చేది, పైగా ఐదు తూటాలు పట్టేది. మొకామెహ్ ఘాట్‌లో రైల్వే సరుకు మార్పిడి కాంట్రాక్టు చేసుకునే కార్బెట్ లాంటివాళ్లకు అది చక్కగా సరిపోయింది.

మెరుగు పెడితే... తరుగే!
పాత రాగి బిందెను తోమి తళతళలాడిస్తే ఇంట్లోవాళ్లంతా మెచ్చుకుంటారు. పాత రైఫిల్‌ని అలా చేస్తే మాత్రం విలువ సగానికి సగం పోయినా ఆశ్చర్యం లేదు. సేకరణదారులు వెతికేది అసలు రంగు, అసలు చెక్క. వెలిసిన నీలిరంగు పూత కొత్తగా వేయించినా, చెక్కను గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ కొట్టినా, దూరదర్శిని బిగించడానికి కొత్తగా రంధ్రాలు వేసినా పెదవి విరుస్తారు.

బోల్టు మీద, గొట్టం మీద ఉన్న నంబర్లు కలుస్తున్నాయా అన్నది రెండో పరీక్ష. మూడోది గొట్టం లోపలి మెలికల గాళ్లు. పాతకాలపు తూటాలు పేలాక ఒక రకం ఉప్పు మిగిల్చేవి. అది గాల్లోని తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. వెంటనే శుభ్రం చేయని తుపాకీ బయటికి ఎంత అందంగా ఉన్నా లోపల చెదపట్టిన చెక్కలా ఉంటుంది.

ఒక్కోసారి తయారైన సంవత్సరమే ధర నిర్ణయిస్తుంది. అమెరికాలో 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 రైఫిలే ఇందుకు ఉదాహరణ. ఖర్చు తగ్గించుకోవడానికి 1964లో కంపెనీ మౌజర్ తరహా కొక్కేన్ని తీసేసింది. చెక్క మీద చేత్తో చెక్కే నగిషీ పోయి అచ్చు ఒత్తింది వచ్చింది. వేటగాళ్లు భగ్గుమన్నారు. అప్పట్నుంచీ 'ప్రీ-64' అన్న మాటే ఓ బ్రాండ్ అయిపోయింది. కొత్త రకం 7 లక్షల నంబరు నుంచి మొదలైంది కాబట్టి నంబరు చూసి ఏదేదో చెప్పేయొచ్చు.

తాతగారి తుపాకీ ఉంటే...
మనదేశంలో ఈ విలువకు చట్టం గీసిన గీత కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత సరదా వేటకు తలుపులు మూసుకుపోయాయి. ఆయుధం ఎంత పాతదైనా పేలే స్థితిలో ఉంటే లైసెన్సు ఉండాల్సిందే. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆయుధాన్ని పోలీస్‌స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి, తమ పేరిట దరఖాస్తు చేసుకోవాలి. అటక మీదే ఉంది కదా అని ఊరుకుంటే వారసత్వ సంపద కాస్తా కేసు అవుతుంది.

దాంతోపాటు ఉన్న పాత లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు, తాతగారు తుపాకీతో దిగిన ఫొటో... వీటిని పారేయకండి. రిగ్బీ లాంటి సంస్థల దగ్గర పాత ఖాతాపుస్తకాలున్నాయి. నంబరు చెబితే మొదట ఎవరు కొన్నారో తేలే అవకాశం ఉంది.

కార్బెట్ 1947లో కెన్యా వెళ్లిపోయారు. 1955లో అక్కడే కన్నుమూశారు. ఆ రైఫిల్ ఆయన పుస్తకాలు వేసిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ చేతికొచ్చి, చివరికి తయారుచేసిన రిగ్బీ దగ్గరికే చేరింది. 2016లో దాన్ని మళ్లీ కుమావూ కొండలకు తీసుకొస్తే జనం ఆసక్తిగా చూశారు. అప్పటికి ఆ కొండల్లో ఆయన పేరు వినగానే గుర్తొచ్చేది వేట కాదు, అభయారణ్యం. తుపాకీ పక్కనపెట్టి కెమెరా పట్టిన కార్బెట్, 1936లో ఏర్పడ్డ మనదేశపు తొలి జాతీయ పార్కుకు అండగా నిలిచారు. తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. పులుల్ని కాపాడమన్న మనిషి చేతిలో ఒకప్పుడు ఉన్నందుకే ఆ రిగ్బీకి అంత విలువ!