యమున గట్టున నీలిగొంతు పిట్ట

పార్లమెంటు లేని ఆదివారం ఉదయాన ఓఖ్లా బ్యారేజీకి వెళ్లడం నాకు చలికాలపు అలవాటు. బ్యారేజీ ఎగువన యమున నిలిచే చోట 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుమారు నాలుగు చదరపు కిలోమీటర్లను పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. కెమెరాలతో వచ్చేవారి చూపులు నడినీటి బాతుల మీద ఉంటాయి. నేను వెదికేది జమ్ము మొదళ్ల వద్ద బురదలో తిరుగాడే పిచ్చుకంత పిట్టను.

ఆంగ్లంలో దాని పేరు బ్లూత్రోట్. నీలిగొంతు పిట్ట అందాం. నీలకంఠమంటే ఉత్తరాదివారికి మన దసరా పాలపిట్ట. వేసవిలో లడఖ్ మొదలు సైబీరియా వరకు గూళ్లు కట్టుకుని, చలికాలానికి మన మైదానాలకు దిగివస్తుంది. బరువు ఇరవై గ్రాముల లోపే. మగదానికి నీలి గొంతు, నడుమ ఇటుకరంగు మచ్చ. ఆడదానికి తెల్లని గొంతు కింద నల్లని హారం. రెంటికీ కంటిపై తెల్లని గీత ఉంటుంది. ఎగిరినప్పుడు తోక మొదట ఎర్రమట్టి రంగు తళుక్కుమంటే ఇక సందేహం అక్కరలేదు.

వెంబడిస్తే పొదలో దూరిపోతుంది. నేల మీద చతికిలబడి, కెమెరాను దాని కంటి ఎత్తుకు దించి, సూర్యుణ్ణి వీపున ఉంచుకుని నిరీక్షించవలసిందే. కొందరు సెల్‌ఫోనులో కూత వినిపించి బయటికి రప్పిస్తారు. మేత వెదుక్కునే వేళను దొంగిలించడం కాక అది మరేమిటి?

ఈ బురద అంచు చుట్టూ పెద్ద రాజకీయమే నడిచింది. పది కిలోమీటర్ల లోపు, వన్యప్రాణి బోర్డు అనుమతి లేని నిర్మాణాలకు 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అడ్డుకట్ట వేసింది. నోయిడాలో వాయిదాలు కట్టి ఇంటికోసం ఎదురుచూసినవారు లబోదిబోమన్నారు. వారి ఆవేదనను తేలికచేయలేను. 2015లో కేంద్రం రక్షణ వలయాన్ని ఖరారు చేసింది: ఉత్తరాన 1.27 కిలోమీటర్లు, మిగిలిన మూడు దిక్కులా నూరు మీటర్లు. బిల్డర్లు ఊపిరి పీల్చుకున్నారు. వలయం వెడల్పుపై ఇంత వాదన జరిగింది కాని, బ్యారేజీ తలుపులతో లేచిపడే నీటిమట్టంపై అందులో సగమైనా నా చెవిన పడలేదు. నీరు పెరిగితే ఈ అంచు మునుగుతుంది, తగ్గితే ఎండుతుంది. పిట్టకు పురుగులు దొరికేది ఆ నడుమ తడినేలలోనే.

ఎనిమిది దాటాక మంచు విడి ఆవలి మేడలు కనిపించాయి. పిట్ట బయటికి వచ్చి, తోక నిక్కించి, నాలుగు గంతులు వేసింది. మూడు ఫొటోలు తీశాను. రెండింటిలో తోక మాత్రమే ఉంది.