బులాకీ రంధ్రం: మానని గాయం, గుస్ల్ నీరు

బులాకీ అనే మాట తురుష్క భాషనుండి ఉర్దూలోకి, ఉర్దూనుండి తెలుగులోకి వచ్చింది. ముక్కు రెండు రంధ్రాలను వేరుచేసే నడిమి గోడను కుట్టించి, పై పెదవి మీదికి వేలాడేటట్లు పెట్టుకునే నగకు అది పేరు. ముక్కుపుడక, నత్తు పక్క రెక్కకు పెట్టుకునేవి గనుక వాటి సంగతి వేరు. మన అవ్వల కాలంలో కనిపించిన ఈ నగ చాలా ఇళ్లలో పెట్టె అడుగుకు చేరిపోయింది. ఇటీవల పట్టణాలలో చదువుకున్న యువతులు మళ్లీ బులాకీ కుట్టించుకుంటున్నారు. వారినుండి రెండు ప్రశ్నలు వస్తున్నవి. ఇది ధర్మసమ్మతమా అన్నది మొదటిది. గాయం మానేవరకు వుజూ, గుస్ల్ ఎట్లా చేయాలి అన్నది రెండవది. మొదటి దానిమీద వాదించేవారు ఎక్కువ, రెండవ దానికి సమాధానం చెప్పేవారు తక్కువ. కాని ఆడపిల్లను నెలల తరబడి ఇబ్బంది పెట్టేది రెండవదే.

మొదటిదాన్ని క్లుప్తంగా ముగిద్దాం. పండుగనాడు మహాప్రవక్త (స) దానధర్మాలను ప్రోత్సహించగా స్త్రీలు తమ చెవిపోగులు తీసి హజ్రత్ బిలాల్ (రజి) పరచిన వస్త్రంలో వేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ఉన్నది. ఆనాటి స్త్రీలు చెవులు కుట్టించుకునేవారని దీనివల్ల తెలుస్తుంది. హనఫీ పండితులు దీన్ని సమ్మతించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) మాత్రం నగకోసం పసిపిల్లకు గాయం చేయడం సరికాదన్నారు. ముక్కు విషయంలో, 'దుర్రె ముఖ్తార్' కర్త హస్కఫీ (మరణం హి. 1088) తనకు స్పష్టమైన ఆదేశం కనిపించలేదని నిజాయితీగా వ్రాసుకున్నారు. దానికి వ్యాఖ్య వ్రాసిన ఇబ్నె ఆబిదీన్ (మరణం హి. 1252), స్త్రీలు ముక్కుకు నగ పెట్టుకునే ఆచారమున్న దేశాలలో అది చెవి కుట్టించుకోవడం వంటిదేనని తేల్చారు. షాఫయీలలో ఇబ్నె హజర్ హైతమీ వంటి వారు ముక్కు కుట్టడాన్ని నిషేధించారు. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలు, ముక్కునగ ఇక్కడి స్త్రీల పాత అలంకారం. కనుక స్త్రీకి ఇది సమ్మతమే. పురుషులకు కాదు. స్త్రీలను అనుకరించే పురుషుల గురించి హదీసులో వచ్చిన హెచ్చరిక స్పష్టంగానే ఉన్నది.

ఇక గాయం సంగతి. ముక్కు నడిమి గోడలో ముందువైపు ఉండేది మృదులాస్థి, అనగా చెవి డొప్పలో ఉండే గట్టి పదార్థం. దానికి ముందు, ముక్కు కొనకు దగ్గరగా, చర్మంతో కూడిన పలుచని మెత్తని భాగం ఒకటి ఉన్నది. రెండు వేళ్లతో పట్టుకొని చూస్తే అది అందరికీ తెలుస్తుంది. రంధ్రం చేయవలసింది అక్కడే. మృదులాస్థిలో గుచ్చితే నొప్పి ఎక్కువ, మానడం ఆలస్యం, ప్రమాదం కూడా పెద్దది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. పైనున్న పొరనుండే దానికి పోషణ అందుతుంది. ఆ పొర కింద రక్తమో చీమో చేరితే మృదులాస్థి చనిపోయి ముక్కు మధ్యలో కుంగిపోవచ్చు. నడిమి గోడ వంకరగా ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, అదుపులో లేని మధుమేహం ఉన్నవారు, గాయపు మచ్చలు ఉబ్బి పెరిగే శరీరతత్త్వం గలవారు ముందుగా వైద్యుని అడగకుండా ఈ పనికి పూనుకోరాదు.

కుట్టేవారి చేతికి కొత్త తొడుగులు, ఒకసారి మాత్రమే వాడే బోలు సూది, ఆవిరి యంత్రంలో శుద్ధిచేసిన రింగు ఉండాలి. ఒకే సూదిని పలువురికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి క్రిములు ఒకరినుండి మరొకరికి సంక్రమిస్తాయి. చెవులకు వాడే పిస్తోలు వంటి సాధనం ముక్కుకు అసలే పనికిరాదు. అది కణజాలాన్ని నలుపుతుంది, దాన్ని పూర్తిగా శుద్ధిచేయడమూ కుదరదు. మొదటి నగ గిల్టుది కాకూడదు. అందులోని నికెల్ చాలామందికి పడదు. శరీరంలో అమర్చే రకం టిటానియం మేలైనది. మన 22 క్యారెట్ల బంగారం మెత్తన, గీతలు పడుతుంది. కనుక అవ్వగారి బులాకీ ఎంత ముద్దుగా ఉన్నా గాయం మానిన తరువాతే.

సరిగా చేసిన రంధ్రం సాధారణంగా 6 నుండి 8 వారాలలో నెమ్మదిస్తుంది. కొందరికి 3 నుండి 6 నెలలు కూడా పడుతుంది. ఈ కాలంలో లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకుంటే జాగ్రత్తలు వాటంతట అవే బోధపడతాయి. రంధ్రపు రెండు అంచులనుండి లేత చర్మం లోపలికి పెరుగుతూ సన్నని సొరంగానికి అస్తరు వేస్తుంది. పల్చని రసి కారి ఎండి పక్కు కడుతుంది. అది సహజమే, చీము కాదు. అప్పుడు రింగును తిప్పితే ఎండిన పక్కు లోపలికి ఈడ్చుకుపోయి లేత చర్మం చిరుగుతుంది. పెద్దవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో పుళ్లకు కారణమయ్యే స్టాఫైలోకాకస్ క్రిమి మామూలుగానే నివసిస్తుంది. దానికి అదే దారి.

ఇక్కడే మన ఇళ్లలో చిక్కు వస్తున్నది. కుట్టినవారు రింగును కదపవద్దంటారు. ఇంటి పెద్దలు, నీరు రంధ్రంలోకి పోకపోతే గుస్ల్ నెరవేరదు, తిప్పి తిప్పి కడగమంటారు. హనఫీ మార్గంలో గుస్ల్ సమయాన ముక్కు లోపల మెత్తని భాగం వరకు కడగడం ఫర్జ్. బిగువైన నగను కదిలించి కింద నీరు చేర్చాలన్నదీ నిజమే. పెద్దల మాటకు ఆధారం లేకపోలేదు. ఆధారం ఉన్నంత మాత్రాన ఆ ఆదేశం గాయానికి వర్తించదు, అంతే. ఈ రెండు మాటల నడుమ నలిగి, తన స్నానం చెల్లలేదని భయపడి నమాజు మానుకున్న పిల్లలున్నారు. తిప్పి తిప్పి ముక్కు వాచేదాకా తెచ్చుకున్నవారూ ఉన్నారు. రెండూ అనవసరపు కష్టాలే.

ఫిఖహ్ చెప్పేది ఇది. గాయమైన చోటును కడగడంవల్ల హాని లేకుంటే కడగాలి. హాని ఉంటే తడిచేత్తో తుడవాలి. తుడవడం కూడా హానికరమైతే ఆ కొంచెం భాగాన్ని వదిలి తక్కినది కడగాలి. పక్కును పీకనక్కరలేదు, దానిమీద నీరు పారితే చాలు. ఇంత చిన్న గాయానికి గుస్ల్ మాని తయమ్ముమ్ చేయడం కుదరదు. బులాకీ గాయానికి శుభ్రమైన నీరు శత్రువు కాదు, నీరు తగలడం మంచిదే. హాని చేసేది తిప్పడం, నులమడం, మురికి వేలు. కనుక చేతులు సబ్బుతో కడుక్కొని, గోరువెచ్చని శుభ్రమైన నీటిని దోసిట తీసుకొని ముక్కులోకి మెల్లగా పీల్చి వదలాలి. రింగుకు ఇరువైపులా నీరు తగిలితే విధి నెరవేరినట్లే. వుజూలో ముక్కు కడగడం హనఫీల వద్ద సున్నత్ గనుక అక్కడ ఇంకా వెసులుబాటు ఉన్నది.

దీనితోపాటు రోజుకు రెండుసార్లు మందుల దుకాణంలో దొరికే నార్మల్ సలైన్ (0.9 శాతం ఉప్పునీరు)తో దూది తడిపి అద్దితే పక్కు మెత్తబడి ఊడివస్తుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లేత చర్మాన్ని కాలుస్తాయి. పసుపు, కొబ్బరినూనె పూత గాయం మీద మురికిని నిలబెడుతుంది. ఇది చెబితే మా ఇంటి పెద్దలు కూడా ఒప్పుకోలేదు, మీ ఇంట్లో ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను.

హనఫీల ప్రకారం ముక్కునుండి రక్తంగాని చీముగాని తన చోటు విడిచి పారితే వుజూ పోతుంది. మెరిసి ఆగిపోతే పోదు. రంజాను ఉపవాసంలో ముక్కులో చిమ్మే మందు గొంతులోకి దిగితే రోజా భంగమవుతుంది గనుక పగలు దూదితో అద్దడమే మంచిది. కుట్టించుకోవడాన్ని రంజాను తరువాతకు వాయిదా వేసుకుంటే ఈ తంటా ఉండదు.

ముక్కు రెండువైపులా మూసుకుపోయినట్లుండి, వాపు, నొప్పి రోజురోజుకు పెరిగి, జ్వరం వచ్చి, పచ్చని చీము కారితే ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి. తామే రింగు పీకివేయరాదు. రంధ్రం మూసుకొని చీము లోపలే నిలిచిపోవచ్చు. తీయాలో ఉంచాలో వైద్యుడు చెబుతాడు.

నొప్పి, రసి పూర్తిగా ఆగి, రింగు దానంతట అదే తేలికగా కదులుతున్నప్పుడు గాయం మానినట్లు. అప్పటినుండి మామూలు ఆదేశం వర్తిస్తుంది. గుస్ల్ చేసేటప్పుడు నగను కాస్త కదిలించి నీరు చేర్చాలి. నగ తీసివేసి ఉంటే ఖాళీ రంధ్రం మీదుగా నీరు పోనిచ్చి వేలితో ఒకసారి రుద్దితే చాలు, పుల్ల పెట్టి లోపలికి నీరు ఎక్కించవలసిన పని లేదని ఫుఖహాలు వ్రాశారు.