రెండు భాషలు, మూడో కారణం

తమిళనాడులోని హోసూరులో తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు, సంతలో కన్నడం మాట్లాడటం మామూలే. ఇన్ని భాషలు నేర్వడం వల్ల పిల్లల తెలివితేటలు పెరుగుతాయా, తగ్గుతాయా? ఈ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం దాదాపు నలభై ఏళ్లపాటు తప్పు జవాబు చెప్పింది. దానికి పెద్ద కారణం కన్ఫౌండింగ్ చరాలను పట్టించుకోకపోవడం. సైకాలజీ పరీక్షలో విద్యార్థులను తికమక పెట్టేవాటిలో ఈ కన్ఫౌండింగ్ చరం ఒకటి.

ప్రయోగంలో మనం మార్చేది స్వతంత్ర చరం, కొలిచేది పరతంత్ర చరం. ఈ రెంటితోనూ ముడిపడి, ఫలితం దేని వల్ల వచ్చిందో తేల్చనివ్వని మూడో అంశమే కన్ఫౌండింగ్ చరం.

ఒక ఊహా పరిశోధన చూద్దాం. హోసూరు పట్టణంలో మూడు భాషలు మాట్లాడే పిల్లలకూ, కృష్ణగిరి చుట్టుపక్కల పల్లెల్లో తమిళం ఒక్కటే మాట్లాడే పిల్లలకూ ఒకే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. హోసూరు పిల్లలకు ఎక్కువ మార్కులు వచ్చాయి. భాషల వల్లేనా?

హోసూరు పారిశ్రామిక పట్టణం. అశోక్ లేలాండ్, టైటాన్, టీవీఎస్ వంటి కంపెనీల్లో నెలజీతం తెచ్చుకునే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. కృష్ణగిరి పల్లెల్లో ఎక్కువ మందికి సేద్యం, మామిడి తోటలే ఆధారం. ఇళ్ల ఆదాయం, బడి, ట్యూషను అన్నీ వేరు. వాతావరణమూ వేరే. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున చల్లగా ఉంటుంది. కృష్ణగిరి అంతకంటే బాగా దిగువన ఉంది, ఎండ ఎక్కువ. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కప్పు కింద చెమటలు కక్కుతూ పరీక్ష రాసిన పిల్లవాడికి నాలుగు మార్కులు తగ్గితే, ఆ నింద భాష మీద వేయగలమా?

గుర్తించడానికి మూడు ప్రశ్నలు

మొదటిది: ఈ అంశం రెండు గుంపుల మధ్య ఒక పద్ధతి ప్రకారం తేడాగా ఉందా? రెండోది: భాషతో పనిలేకుండా అదొక్కటే మార్కులను మార్చగలదా? రెంటికీ అవునంటే మూడోది అడగాలి: అది భాషల వల్లే పుట్టిందా? ఎక్కువ భాషలు వాడటం వల్ల ఏకాగ్రత పెరిగి, ఏకాగ్రత వల్ల మార్కులు పెరిగితే, ఏకాగ్రత కన్ఫౌండింగ్ చరం కాదు, మధ్యవర్తి చరం. రెండు గుంపుల్లోనూ అక్కడొకరూ ఇక్కడొకరూ రాత్రి సరిగా నిద్రపోకపోతే అది బాహ్య చరమే గానీ ఫలితాన్ని ఒక పక్కకే లాగదు. నిద్ర చాలనివాళ్లంతా ఒకే గుంపులో ఉంటే మాత్రం అదీ కన్ఫౌండింగ్ చరమే.

చరిత్రలో ఏం జరిగింది?

1923లో డి. జె. సేర్ వేల్స్‌లో దాదాపు 1,400 మంది పిల్లలను పరీక్షించి, ద్విభాషా పిల్లల తెలివి తక్కువని తేల్చాడు. కానీ ఆ తేడా పల్లెటూళ్లలోనే కనిపించింది, పట్టణాల్లో కనిపించలేదు. కారణం భాషే అయితే పట్టణంలోనూ కనిపించాలి కదా! కుటుంబాల ఆర్థిక స్థితిని సరిగా సరిపోల్చలేదని తర్వాతివాళ్లు ఎత్తిచూపారు. 1962లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ మాంట్రియల్‌లో పదేళ్ల పిల్లలను ఆర్థిక స్థితి సరిచూసి పోల్చారు. ఈసారి ద్విభాషా పిల్లలే ముందున్నారు. అయినా ఒక చిక్కు మిగిలింది. రెండు భాషలూ సమంగా వచ్చిన పిల్లలనే ఎంచుకున్నారు కాబట్టి, తెలివైనవాళ్లే రెండో భాష బాగా నేర్చుకుని ఉండవచ్చు.

ఈ కథలో హైదరాబాదుకు గొప్ప చోటుంది. ద్విభాషుల్లో మతిమరుపు వ్యాధి (డిమెన్షియా) ఆలస్యంగా మొదలవుతుందని కెనడా పరిశోధనలు చెప్పినా, అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవాళ్లు. మేలు చేసింది భాషా, వలస జీవితమా? తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన హైదరాబాదులో స్థానికులే రెండు మూడు భాషలు మాట్లాడతారు. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ద్విభాషుల్లో వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు వల్లనేమో అన్న అనుమానానికీ అక్కడే జవాబు దొరికింది: చదువు రానివారిలోనూ ద్విభాషులకు ఆలస్యం కనిపించింది. వృత్తి, పల్లె-పట్నం తేడాలనూ లెక్కలోకి తీసుకున్నారు. ఇది ప్రయోగం కాదు, పరిశీలన. కాబట్టి అనుమానాలన్నీ తీరవు. అయినా అనుమానాన్ని ఒక్కొక్కటిగా ఎలా పరీక్షించాలో ఇది నేర్పుతుంది.

పరీక్షలో జవాబు ఎలా రాయాలి?

‘ఆదాయం కన్ఫౌండింగ్ చరం’ అని రాసి ఆగిపోతే జవాబు సగమే. ఇలా రాయాలి: ‘హోసూరు పిల్లల ఇళ్లలో ఆదాయం ఎక్కువ. ఆదాయం వల్ల పుస్తకాలు, ట్యూషను అంది మార్కులు పెరుగుతాయి. కాబట్టి తేడా భాషల వల్ల వచ్చిందో, ఆదాయం వల్ల వచ్చిందో చెప్పలేం.’ ఆ తర్వాత నివారణ రాయాలి. భాషలను చీటీలు తీసి పంచలేం కనుక, ఒకే ఊరిలో, ఒకే ఆదాయం ఉన్న పిల్లలను జతలుగా పోల్చాలి; పరీక్ష గది, వేళ, ప్రశ్నల భాష ఇద్దరికీ న్యాయంగా ఉండాలి. అదే ‘సంగీతం వింటూ చదివితే గుర్తుంటుందా?’ వంటి ప్రయోగంలోనైతే చీటీలు తీసి పిల్లలను రెండు గుంపులుగా విడదీయవచ్చు. గుంపులు తగినంత పెద్దవైతే, మన ఊహకు అందని తేడాలు కూడా రెండువైపులా దాదాపు సమంగా సర్దుకుంటాయి.

ఇది మార్కులతో ముగిసే విషయం కాదు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు పిల్లలు ఎవరైనా చదువులో వెనకబడితే, ‘ఇంట్లో తెలుగు మానేయండి’ అని తల్లిదండ్రులకు చెప్పడం సులువు. ఆ మాట అనేముందు ఆ బడిలో ఉపాధ్యాయులు సరిపడా ఉన్నారా, పరీక్ష ఏ భాషలో పెట్టారు, ఇంటి పరిస్థితి ఏమిటి అని అడగాల్సిందే. వేల్స్‌లో ఈ ప్రశ్నలు అడగకుండా ఇచ్చిన తీర్పును దిద్దడానికి ఒక తరం పట్టింది. మన పిల్లల విషయంలో అంత కాలం పట్టనక్కర్లేదు.